మిల్లు మేస్త్రి నోటు పుస్తకం

కుక్కర్లోకి చేరేలోపు బియ్యపు గింజ ఎన్నిసార్లు మేడ ఎక్కి దిగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ట్రాక్టరు మీద వచ్చిన ధాన్యాన్ని మిల్లులో ముందు ఒక గుంటలో పోస్తారు. అక్కడి నుంచి ఒక ఎలివేటరు దాన్ని పైకి మోసుకెళ్లి జల్లెడలో పోస్తుంది. జల్లెడ కిందికి వదిలిన దాన్ని రెండో ఎలివేటరు ఎత్తుకుని రాళ్లేరే యంత్రానికి అందిస్తుంది. ఆ తర్వాత ఊక ఒలిచే షెల్లరు, ఒలిచినవీ ఒలవనివీ వేరుచేసే సెపరేటరు, తవుడు తీసే పాలిష్ యంత్రాలు, నూకల్ని విడదీసే గ్రేడరు, చివరికి రంగు చూసి నల్లగింజను గాలితో ఊదేసే సార్టెక్స్... ప్రతి మెట్టు దగ్గరా గింజ కిందికి జారుతుంది. మళ్లీ పైకెక్కాలి. ఎక్కించేది ఒక రబ్బరు బెల్టు. దానికి వరసగా బిగించిన ఇనప కప్పులు, పైనొక పుల్లీ, కిందొక పుల్లీ. అంతే యంత్రం!

గుడివాడ చుట్టుపక్కల ఓ మాదిరి మిల్లులో ఇలాంటి బెల్టులు పదికి పైనే ఉంటాయి. ఇవి కాక బస్తాలు మోసేవి, ఊకను బాయిలరు వైపు తీసుకెళ్లేవి, మోటార్ల శక్తిని యంత్రాలకు అందించేవి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిల్లు మొత్తం ఆగుతుంది. ఎందుకంటే గింజకు మరో దారి లేదు. మిల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు సార్టెక్సుని చూస్తారు, పాలిష్ చూస్తారు. బెల్టును ఎవరూ చూడరు. అది తెగిన రోజునే కనబడుతుంది!

అలా తెగే రోజు ఎప్పుడొస్తుందో ముందే చెప్పడం ఒక మేస్త్రి పని. ఆయన గుడివాడ దగ్గరి ఓ మిల్లులో దాదాపు నలభై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. పేరుతో ఆయన్ని పిలిచేవాళ్లు మిల్లులో లేరు. హమాలీలకు మేస్త్రి, యజమాని కొడుక్కి బాబాయ్. పొద్దున్నే మిల్లు ఆన్ చేశాక టీ తాగడానికి కూడా వెళ్లకుండా ఒక చుట్టు తిరుగుతాడు. చేతిలో పొడవాటి స్క్రూడ్రైవరు ఉంటుంది. దాని మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించుకుంటాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే! మంచి బేరింగు ఒకటే గుంయ్‌మంటూ ఉంటుంది. లోపల గుండు చిట్లితే టిక్కుటిక్కుమనే చప్పుడు లయ తప్పకుండా వస్తుంది. గ్రీజు ఎండిపోతే కీచుమంటుంది.

తిరిగొచ్చి నోటు పుస్తకం తీస్తాడు. పిల్లలు బడికి తీసుకెళ్లే రూళ్ల పుస్తకమే. ఒక్కో ఎలివేటరుకి రెండేసి పేజీలు. తేదీ, పక్కన ఒక అంకె. ‘1’, ‘అర’, ‘ముప్పావు’. కొత్తవాళ్లు చూస్తే పాల లెక్కో, చాకలి పద్దో అనుకుంటారు. నిజానికది బెల్టు ఆయుర్దాయం లెక్క.

చుట్లు చెప్పే సంగతి

ఎలివేటరు బెల్టు బరువు మోసేకొద్దీ సాగుతుంది. సాగితే వదులవుతుంది. వదులైతే పై పుల్లీ మీద జారుతుంది. అందుకని కిందనో పైనో రెండు పక్కలా పొడవాటి మరలు పెడతారు. వాటిని తిప్పితే పుల్లీ జరిగి బెల్టు బిగుస్తుంది. కొత్త బెల్టు వేసిన మొదటి వారాల్లో మరను ఎక్కువసార్లు తిప్పాలి, అది సహజం. కొత్త చెప్పులు కాలికి కుదురుకోవడం లాంటిది. ఆ తర్వాత కుదురుకుంటుంది. నెలకో చుట్టు, కొన్నాళ్లు అర చుట్టు. మేస్త్రి పుస్తకంలో రాసేది ఈ చుట్లనే.

కొన్ని సీజన్లు గడిచాక ఒకరోజు ఆ అంకె మారుతుంది. నెలకో చుట్టు అడిగిన బెల్టు పది రోజులకో చుట్టు అడుగుతుంది. ఆ తర్వాత వారానికొకటి. అంటే లోపలి గుడ్డ పోగులు అలసిపోతున్నాయన్నమాట. పైకి రబ్బరు నిగనిగలాడుతూనే ఉండొచ్చు. కానీ బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గుడ్డ. రబ్బరు దానికి కప్పిన దుప్పటి మాత్రమే.

బందరు రోల్డ్‌గోల్డ్ గాజులు వేసుకునే ఇల్లాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పైన సన్నటి పూత, లోపల వేరే లోహం. పూత ఉన్నంతకాలం గాజు గాజే. ఒకచోట అరిగి లోపలి రంగు బయటపడిందంటే ఇక ఆ గాజు ఎన్నాళ్లో రాదని అర్థం. అరుగుదల అంతటా సమానంగా ఉండదు కూడా. పక్క గాజుకి రాసుకునే చోటే ముందు పోతుంది. బెల్టూ అంతే. కాకపోతే గాజు పూత పోతే పెట్టెలో పడేస్తాం. బెల్టు గుడ్డ బయటపడితే తేమ లోపలికి దిగి పోగుల్ని బలహీనం చేస్తుంది.

ధాన్యం మెత్తటి సరుకే కదా, దానికి రబ్బరు అరిగిపోవడమేంటి అనిపిస్తుంది. ధాన్యం బరువులో అయిదో వంతు ఊక. ఆ ఊకలో దండిగా ఉండేది సిలికా... ఇసుకలో ఉండే పదార్థమే. ఊక కాల్చిన బూడిదలో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా అదే. అంటే ప్రతి గింజా ఒంటి మీద సన్నటి ఉప్పుకాగితం చుట్టుకుని వస్తుందన్నమాట! ఊకను గాలితో తోసే ఇనప గొట్టాలకు మలుపుల దగ్గర చిల్లులు పడేది అందుకే. మేస్త్రి ఆ మలుపుల్లో బయట నుంచి వేలితో తట్టి చూస్తాడు. గట్టి రేకు ఒకలా పలుకుతుంది, పలచబడ్డ రేకు డబ్బాలా పలుకుతుంది.

అరుగు వేరు, చిరుగు వేరు

రబ్బరు బెల్టు మీద సరుకు మొయ్యడం మరీ పాత విద్యేం కాదు. 1890ల్లో అమెరికాలో థామస్ రాబిన్స్ అనే ఆయన, ఎడిసన్ ఇనప ఖనిజం మిల్లులో బెల్టులు తొందరగా పాడవడం చూశాడు. రాపిడిని గుడ్డ కంటే రబ్బరే బాగా తట్టుకుంటోందని గమనించి, పైన మందపాటి రబ్బరు పొర వేయించాడు. నేటి బెల్టులన్నీ ఆ దారివే. పశ్చిమ సహారాలో ఫాస్ఫేటు ఖనిజాన్ని గని నుంచి సముద్రపు రేవు దాకా మోసే బెల్టుల వరస సుమారు వంద కిలోమీటర్లు ఉంటుంది. గుడివాడ నుంచి బయల్దేరితే బందరు వెళ్లి తిరిగొచ్చినా ఇంకా బెల్టు మిగులుతుంది!

అంత దూరం పోనక్కర్లేదు. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది. 1979లో మొదటి యూనిట్‌తో మొదలై, 2023లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్‌తో కలిపి ఇప్పుడు 2,560 మెగావాట్ల కేంద్రం. వ్యాగన్లలో వచ్చిన బొగ్గు బాయిలరుకి చేరేది బెల్టుల మీదే. ఇలాంటి పెద్ద కేంద్రాల్లో లెక్క పద్ధతిగా ఉంటుంది. బెల్టు మందాన్ని అతిధ్వని పరికరంతో కొలుస్తారు. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ ఉంది కదా, సూత్రం అదే. తర్వాత చేసేది అయిదో తరగతి లెక్క.

ఉదాహరణకి కొత్త బెల్టు పై పొర 6 మిల్లీమీటర్లు అనుకుందాం. మూడు లక్షల టన్నులు మోశాక కొలిస్తే 4.5 మిల్లీమీటర్లు ఉంది. అంటే లక్ష టన్నులకి అర మిల్లీమీటరు అరిగింది. పొర 1.5 మిల్లీమీటర్లకు వచ్చేదాకా వాడొచ్చనుకుంటే ఇంకా ఆరు లక్షల టన్నుల ఆయుష్షు ఉన్నట్టు. రోజుకెంత మోస్తుందో తెలుసు కాబట్టి తేదీ కూడా చెప్పేయొచ్చు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి, కొత్త బెల్టుకి ఎప్పుడు ఆర్డరివ్వాలో, అతికే మనుషుల్ని ఎప్పుడు పిలిపించాలో రాసుకుంటారు. ఒక్క జాగ్రత్త... సగటు తీయకూడదు. అడ్డంగా అయిదారు చోట్ల కొలిచి, అన్నిటికంటే పలచగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోవాలి. సరుకు నడిమధ్యలో పడుతుంది కాబట్టి సాధారణంగా ముందు అరిగేదీ అక్కడే. తెగేది సగటు దగ్గర కాదుగా!

అయితే ఈ లెక్కకి అందనిది ఒకటుంది. అరుగుదల ముందే చెబుతుంది. చిరుగుదల చెప్పదు. ఏ ఇనప ముక్కో బొగ్గులో కలిసి వచ్చి, కింద ఇరుక్కుని, నడుస్తున్న బెల్టును కత్తిలా చీలుస్తూ పోతే నిన్న తీసిన కొలత ఎందుకు? అందుకే బొగ్గు దారిలో పైన అయస్కాంతాలు వేలాడదీస్తారు. మిల్లుల్లో కూడా గుంట మీద ఇనప జల్లెడ పరిచేది, ధాన్యం దారిలో అయస్కాంతం పెట్టేది ఇందుకే. కోత మిషన్ల బోల్టులు, గోనె సంచి కుట్టే సూదులు, ఒక్కోసారి కొడవలి ముక్కలు కూడా దొరుకుతాయి.

ఈ తేడా విమానాల వాళ్లకి కూడా తెలిసొచ్చింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ అనే ఇద్దరు 1978లో అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసు మీరి పాడయ్యే లక్షణం చూపించినవి నూటికి 11 మాత్రమే! మిగతావి ఎప్పుడైనా పాడవచ్చు. కాబట్టి ‘ఇన్ని గంటలయింది, మార్చెయ్’ అనే పద్ధతి అన్నిటికీ పనికిరాదని, దేని తీరు దానికి చూడాలని వాళ్లు తేల్చారు. గుడివాడ మేస్త్రి ఈ నివేదిక చదవలేదు. కానీ ఆయన ఎలివేటరు బెల్టుకి పేజీలు కేటాయించాడు. చిన్నమోటారు వి-బెల్టుకి కేటాయించలేదు. అది పోతే అరగంటలో మార్చుకోవచ్చు, ఇంకోటి మేకుకి తగిలించే ఉంటుంది. లెక్క దేనికి రాయాలో తెలియడం కూడా లెక్కలో భాగమే మరి.

వి-బెల్టుల దగ్గర ఆయన పట్టుదల వేరే ఉంది. నాలుగు బెల్టులు కలిపి వేసిన చోట ఒకటి తెగితే నాలుగూ మార్చమంటాడు. పాత మూడూ సాగి ఉంటాయి, కొత్తది ఒక్కటే బిగుతుగా ఉండి భారమంతా మోసి, అది కూడా తొందరగా పోతుంది. ‘మూడు బాగానే ఉన్నాయిగా’ అనే యజమానికి ఇది నచ్చజెప్పడం ఏ మేస్త్రికైనా గగనమే.

చేతులు చెప్పే చరిత్ర

పాత మిల్లుల్లో ఇన్ని మోటార్లు లేవు. ఒక ఆయిలింజనో, ఒక పెద్ద మోటారో ఉండేది. పైకప్పు కింద గోడ నుంచి గోడకి పొడవాటి షాఫ్టు తిరుగుతుండేది. దాని మీద నుంచి ఒక్కో యంత్రానికి వెడల్పాటి పట్టా దిగేది. పట్టా జారితే రజనం పొడి చల్లేవాళ్లు. ఊడితే, షాఫ్టు తిరుగుతుండగానే చేత్తో తోసి ఎక్కించేవాళ్లు. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు చేయడం ఒక ప్రహసనం కాబట్టి ఎవరూ ఆపేవాళ్లు కాదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. కదిలే యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకి ఒంటికి అంటుకునే దుస్తులే ఉండాలన్నారు. తిరుగుతున్న పుల్లీ దగ్గర పట్టాను ముట్టుకోవాలంటే దాని వెడల్పు 15 సెంటీమీటర్లకు మించకూడదని, అతుకు కుట్టి గానీ సాపుగా గానీ ఉండాలని సెక్షన్ 22లో పెట్టారు. చట్టం పుస్తకంలో సెంటీమీటర్ల లెక్క ఉందంటే, ఆ లెక్క వెనక ఎన్ని చేతులు ఉన్నాయో ఊహించుకోవచ్చు. లుంగీ కట్టుకుని, తలకి చుట్టుకున్న తువ్వాలు భుజం మీదికి జారిన మనిషికి ఆ సెక్షన్ ఎవరు చదివి వినిపించారు?

మేస్త్రి ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. ఎలా పోయిందని అడిగితే ‘పట్టా తీసుకుంది’ అంటాడు, అప్పు తీసుకున్నట్టు. ఆ ఊసు అంతటితో ఆపేస్తాడు. ఇప్పుడు ఎవరైనా కొత్త కుర్రాడు బెల్టు నడుస్తుండగా కింది పుల్లీ దగ్గర పేరుకున్న ధాన్యాన్ని చేత్తో తీయబోతే మాత్రం, ఆ సన్నటి మనిషి గొంతులోంచి వచ్చే కేక మిల్లు చప్పుడును మించి వినిపిస్తుంది. బిగింపు మరలు తిప్పేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు తీసి జేబులో వేసుకుంటాడు. స్విచ్చును నమ్మడు. మధ్యలో ఎవరో వచ్చి ఆన్ చేస్తారని భయం. సగం వేలున్న మనిషి భయంలో న్యాయముంది.

డెల్టా తొందర

చెరకు ఫ్యాక్టరీల్లో ఒక సౌకర్యం ఉంది. 1941లో వెలగపూడి రామకృష్ణ చేపట్టిన ఉయ్యూరు ఫ్యాక్టరీ ఈ జిల్లాకు పెద్ద బడి లాంటిది. చెరకు ఆడే కాలం శీతాకాలంలో మొదలై వేసవి ముదిరేలోపు ముగుస్తుంది. తర్వాత నెలల తరబడి ఆఫ్ సీజన్. చెరకును లాక్కెళ్లే గొలుసుల్ని విప్పి, నేల మీద పరిచి కొలుస్తారు. గొలుసు ఇనుముతో చేసిందే అయినా అదీ ‘సాగుతుంది’. నిజానికి సాగదు. లింకుల మధ్య పిన్నులు అరిగి, ఒక్కో లింకు దగ్గరా వెంట్రుక వాసి తేడా వచ్చి, పది అడుగుల దగ్గర రెండు మూడు అంగుళాలు తేలుతుంది. సీజను మధ్యలో గొలుసు తెగితే యార్డులో నిలబడ్డ బళ్ల మీద చెరకు ఎండుతుంది, తీపి తగ్గుతుంది. అందుకే ఆ మరమ్మతు ఒక వ్రతంలా చేసేవాళ్లు. దివిసీమ వైపు లక్ష్మీపురం ఫ్యాక్టరీలో కూడా ఒకప్పుడు ఇదే క్రమం. ఆ ఫ్యాక్టరీల్లో పని నేర్చిన ఫిట్టర్లు తర్వాత ఎన్నో మిల్లులకి మేస్త్రీలయ్యారు. మన మేస్త్రి నోటు పుస్తకం అలవాటు కూడా అలా అబ్బిందే.

వరి మిల్లుకి ఆ సౌకర్యం సగమే. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో మీద పడతాయి. కృష్ణా డెల్టాలో ఆ రెండు నెలలూ తుపాన్ల నెలలు కూడా. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిన సంగతి ఈ ప్రాంతంలో చెప్పుకోని ఇల్లు లేదు. అప్పటి నుంచి నవంబరులో ఆకాశం మబ్బు పట్టిందంటే అవనిగడ్డలో, నాగాయలంకలో, కోడూరులో రైతుకు నిద్ర ఉండదు. చేలో ఉన్నది కొయ్యాలి, కోసింది కుప్పెయ్యాలి, కుప్పేసింది మిల్లుకు చేరాలి. అందరికీ ఒకే వారంలో!

ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. మర పట్టాక క్వింటాలు ధాన్యానికి మిల్లు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగివ్వాలి. ఆ అంకెలు వానకు తెలియవు. తడిసిన ధాన్యం సంచుల్లో వేడెక్కుతుంది. రెండు మూడు రోజుల్లో తెల్లటి మొలక కనబడుతుంది. అంటే మిల్లు ఒక్క పూట కూడా ఆగకూడని రోజులు, బెల్టు అన్నిటికంటే ఎక్కువ బాధపడే రోజులు ఒకటే. తడి ధాన్యం బరువు, మట్టి, గడ్డి పరకలు... కింద గుంట నిండిపోయి కప్పులు ఇరుక్కుంటాయి. పైన పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, బెల్టు కదలదు. రబ్బరు కాలిన వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. ఎండు దుమ్ము ఉన్న రోజుల్లో అయితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా.

2023 వేసవిలో మేస్త్రి నోటు పుస్తకం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లాడు. మిల్లు చూసుకునేది అప్పటికి యజమాని కొడుకు. మెకానికల్ ఇంజినీరింగు చదివినవాడే.

“చినబాబుగారూ, ఒకటో నంబరు బెల్టు ఈ సార్వాకి రాదండి.”

“చూస్తే బాగానే ఉందిగా బాబాయ్?”

“చూస్తే బాగానే ఉంటదండి. వారానికో చుట్టు అడుగుతుంది. కప్పుల బోల్టుల రంధ్రాలు కోడిగుడ్ల మాదిరి సాగినయ్యి. మరలో ఇంకా నాలుగేళ్ల మందం కూడా లేదు.”

కొడుకు తప్పు పట్టదగ్గ మనిషి కాదు. అంతకు ముందు సీజను డబ్బు ఇంకా చేతికి రాలేదు. బ్యాంకు వడ్డీ ఉంది, కరెంటు బిల్లు ఉంది. ఆ ఎలివేటరు పొడవుకి బెల్టు, కొత్త బోల్టులు, సగం కప్పులు అంటే చిన్న ఖర్చు కాదు. పైగా ‘బాగానే ఉన్నదాన్ని’ మార్చాలి. తెగిపోయిన దానికి డబ్బు తీయడం తేలిక, తెగబోయే దానికి తీయడం ఎవరికైనా కష్టమే. చివరికి మధ్యేమార్గం దొరికింది. బెల్టును కొంత కత్తిరించి పొట్టి చేసి, అతుకు కొత్తగా వేయమన్నాడు. సంక్రాంతి వెళ్లాక కొత్తది చూద్దామన్నాడు. మేస్త్రి ఆ పని చక్కగానే చేశాడు. పుస్తకంలో తేదీ వేసి, పక్కన ఏమీ రాయలేదు.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా జిల్లాలో కోసి పనల మీదున్న వరి నీళ్లలో నానింది. వాన తెరిపి ఇవ్వగానే ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరాయి. మూడు రోజులు మిల్లు రాత్రింబవళ్లు నడిచింది. నాలుగో రాత్రి రెండు దాటాక, అతుకు కాదు, అతుకుకి రెండు గజాల అవతల బెల్టు తెగింది. అతుకు వేసిన చోట మేస్త్రి పనితనం గట్టిగా ఉంది. పక్కన గుడ్డ లేదు. కప్పులతో సహా బెల్టంతా గొట్టంలోంచి కింది గుంటలోకి కూలింది. ఆ చప్పుడుకు గేటు బయట ట్రాక్టర్ల మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

బరువులో ఇరుక్కున్న బెల్టును బయటికి లాగడానికే తెల్లారింది. ఆ గంటకి బెజవాడలో దుకాణం తెరవదు, తెరిచినా ఆ వెడల్పు ఉంటుందని నమ్మకం లేదు. మేస్త్రి గోడౌనులో గోనె సంచుల కింద నుంచి ఒక పాత బెల్టు చుట్ట తీయించాడు. రెండేళ్ల క్రితం వేరే ఎలివేటరు నుంచి విప్పినప్పుడు మంచి ముక్క కత్తిరించి దాచాడట. ఎవరికీ చెప్పలేదు, చెబితే పాత సామాన్ల వాడికి అమ్మేస్తారని! దాన్ని కలిపి, కప్పులు బిగించి, మిల్లు మళ్లీ తిరిగేసరికి సాయంత్రం నాలుగయింది.

పద్నాలుగు గంటలు. వరసలో చివరనున్న ట్రాక్టరు నాగాయలంక నుంచి వచ్చింది. దాని వంతు వచ్చేసరికి ఇంకో రోజు గడిచింది. సంచి మూతి విప్పితే గింజల చివర తెల్లగా మొలకలు. ధర తగ్గించక తప్పలేదు. ఆ రైతు గట్టిగా మాట్లాడలేదు, బేరం కూడా ఆడలేదు, సంచులు దించించి వెళ్లిపోయాడు. బెల్టు ఖర్చు, కూలీ, పోయిన కరెంటు... మిల్లు నష్టమంతా మిల్లు పుస్తకంలోకి ఎక్కింది. ఆ రైతుకు తగ్గిన డబ్బు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ముందుచూపు లెక్కలన్నిటిలో ఇదో లోపం. మరమ్మతు ఆలస్యమైతే ఎంత పోతుందని లెక్కేసేటప్పుడు, పోయేది ఎవరిదో ఆ గడిలో రాయడానికి చోటుండదు.

సంక్రాంతికి ముందే కొత్త బెల్టు వచ్చింది. చినబాబు తుపాకీలా ఉండే థర్మామీటరు ఒకటి తెచ్చాడు. ముట్టుకోకుండానే బేరింగు వేడి చెబుతుంది. మేస్త్రి నోటు పుస్తకంలోని అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి గీత గీశాడు. ఒకటో నంబరు బెల్టు గీత 2023 మార్చి దగ్గర ఒక్కసారిగా పైకి లేచింది. ఆయన ఆ గీత వైపు చాలాసేపు చూశాడట. అదే మాట మేస్త్రి మే నెలలో నోటితో చెప్పాడు మరి!

ఇప్పుడు వేసవి రాగానే ఇద్దరూ కూర్చుంటారు. గీత ఒక మాట చెబుతుంది, పుస్తకం ఒక మాట చెబుతుంది, చాలాసార్లు రెండూ ఒకటే. తేడా వస్తే ఎలివేటరు మూత విప్పి చూస్తారు. దివిసీమ గాలి మోసుకొచ్చే ఉప్పుకి బోల్టుల తలలు తుప్పుపట్టే వేగం మాత్రం కంప్యూటరు గీతలో లేదు. దాన్ని మేస్త్రి చేత్తో తడిమే తెలుసుకోవాలి. బందరులో కొత్త రేవు పనులు 2023 మేలో మొదలయ్యాయి. అది నడిస్తే సముద్రం ఒడ్డునే బెల్టులు తిరుగుతాయి. వాటికి ఈ ఉప్పు లెక్క ఇంకా బాగా కావాలి.

ఈమధ్య ఒక విషయం చినబాబు గమనించాడు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని మేస్త్రి మునుపటి కంటే ఎక్కువసేపు నిలబడుతున్నాడు. ఎడమ చెవికి ఆనించి, మళ్లీ కుడి చెవికి మార్చుతున్నాడు. నలభై ఏళ్ల మిల్లు హోరుకు ముందుగా పోయేది సన్నటి, కీచు శబ్దాలు వినే శక్తే. ఎండిన బేరింగు కూసేది సరిగ్గా ఆ స్థాయిలోనే. యంత్రాలన్నిటి అరుగుదలా రాసిన మనిషి తన చెవుల సంగతి ఎక్కడా రాసుకోలేదు. మిల్లులో చెవులకు పెట్టుకునే రక్షణ సామాను ఉంది. అది కూడా మొన్న మొన్న వచ్చిందే.

“డాక్టరుకి చూపిద్దాం బాబాయ్” అంటే, “సీజను అయ్యాక చూద్దాంలెండి” అన్నాడు.

“ఆ మాట నేను అంటే ఏమైందో తెలుసుగా!” అన్నాడు చినబాబు. మేస్త్రి నవ్వాడు. మర్నాడు గుడివాడ వెళ్లి చెవులు చూపించుకుని, డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మడిచి నోటు పుస్తకంలో పెట్టుకున్నాడు. ఇప్పుడు పొద్దున చుట్టులో ఆయన వెంట పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒకడు నడుస్తున్నాడు. స్క్రూడ్రైవరు వాడి చేతిలో ఉంటుంది. వాడు చెవికి ఆనించి ఏం వినబడిందో చెబుతాడు. మేస్త్రి అదే బేరింగు మీద అరచెయ్యి వేసి, అదురు చూసి, అవుననో కాదనో అంటాడు. వాడు రాస్తాడు. చేతిరాత మాత్రం మేస్త్రి కంటే అధ్వాన్నం. ఏడో నంబరు ఎలివేటరుకు ఎదురుగా నిన్న వేసినది ఒకటో, ఏడో తెలియక ఇద్దరూ మళ్లీ మెట్లెక్కి మర దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.